చెప్పకూడని చిటికెడు

ఆ ఏడు తెలంగాణలో అన్నీ బందే. బస్సులు బంద్, బళ్ళు బంద్, ఆఫీసులు బంద్, బొగ్గు బావులు బంద్, బొగ్గు రాక కరెంటు బంద్. సకల జనులూ సమ్మెలోకి దిగింది సెప్టెంబరులోనైతే, ఎల్బీనగర్‌లో మట్టయ్య నోరు మార్చిలోనే బంద్ పెట్టేసింది. డిమాండ్లేమిటో చెప్పలేదు. చర్చలకు పిలిస్తే రాలేదు.

అది మామూలు నోరు కాదు. కొత్తపేట పండ్ల మార్కెట్లో ఇరవై ఏళ్ళపాటు బత్తాయిల వేలం పాడిన నోరు. నల్లగొండ నుంచి లారీ దిగిన రాశి ముందు నిలబడి మట్టయ్య గొంతెత్తితే మలక్‌పేట రేసుల్లో గుర్రాలు తడబడేవని మార్కెట్లో అనుకునేవారు. పాట ఆయనది, పాట్లు కొనేవాళ్ళవి. అలాంటి మనిషి ఒక పొద్దున లేచి మంచం అంచున కూర్చుని, నేలవంక చూస్తూ ఉండిపోయాడు. చెప్పులు తొడగడు, ఏమైందో చెప్పమంటే చెప్పడు. తిండి సగమైంది, నిద్ర పావైంది, మాట సున్నా అయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మనసు జబ్బుల డాక్టరు మల్లికార్జునరావు మూడు రకాల మాత్రలు మార్చి మార్చి ఇచ్చాడు. మాత్రలు మాత్రం లోపలికి పోయాయి, మాట మాత్రం బయటికి రాలేదు.

చివరికి డాక్టరు ఒక శుక్రవారం మట్టయ్య భార్య సుమిత్రమ్మనూ, ఆమె తమ్ముడు గజేందర్‌నూ కూర్చోబెట్టి కొత్త సంగతి చెప్పాడు. గజేందర్ సర్కారు గుమస్తా. సమ్మెలో ఉన్నాడు గనక ఎక్కడికి రమ్మన్నా వచ్చేంత తీరిక ఉంది.

“మెదడులో కబుర్లు మోసే రసాయనాలు చాలా ఉంటాయమ్మా. ఇన్నాళ్ళూ వాడిన మాత్రలు వాటిలో ఒకదాన్ని పెంచేవి. మీ ఆయనకి అవి పని చెయ్యలేదు. ఇది వేరే దారండీ. మెయిన్ రోడ్డు మీద ఒక గేటు కాసేపు మూస్తాం. ఆగిన బళ్ళు సందుల్లోంచి దారి వెతుక్కుంటాయి. ఎప్పుడో మూతపడ్డ సందులు తెరుచుకుంటాయి. కొందరికి ఒక్క రోజులోనే దిగులు దిగిపోతుంది.”

“అంటే మెదడుల రాస్తారోకో అన్నట్టు,” అన్నాడు గజేందర్.

డాక్టరు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆ రోజుల్లో రాస్తారోకో మాటెత్తితే నవ్వాలో వద్దో తెలియక సగమే నవ్వేవాడు. “అంతే అనుకోండి. కాకపోతే నలభై నిమిషాలే.”

“మాది నెల రోజులైనా ఆగేటట్టు లేదు సారూ.”

“మందు పేరు కెటమిన్. ఆపరేషన్లకి మత్తిచ్చే పాత మందే. దిగులుకి తక్కువ మోతాదులో వాడటం కొత్త. ఇంకా పరీక్షిస్తున్నారు, అందుకే మీ సంతకం కావాలి. ఎక్కుతున్నంతసేపూ వింతగా ఉంటుంది. ఒళ్ళు తేలినట్టుంటుంది, గోడలు కదిలినట్టుంటాయి, లేనివి కనపడతాయి. అప్పుడు మనిషి భయపడితే ఆ భయమే కొండంతవుతుంది. అందుకే బాగా నమ్మకమైన మనిషి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి.”

నమ్మకమైన మనిషి అనగానే గజేందర్ అక్కవైపు చూశాడు. అక్క తన కొంగువైపు చూసుకుంది.

“వేరే మందులేమైనా వాడుతున్నారా? నాటు మందులు, చూర్ణాలు, కల్లు?”

“ఏం లెవ్వు సారూ,” అంది సుమిత్రమ్మ. అంటూనే కొంగు ముడిని గుప్పిట్లో మూసుకుంది.

ఆ కొంగు ముడిలో ఏముందో ముగ్గురికే తెలుసు. సుమిత్రమ్మకి, తుర్కయంజాల్‌లో నాటు మందులిచ్చే అండాలమ్మకి, దేవుడికి. దేవుడు ఎవరికీ చెప్పడు. అండాలమ్మ ఎవరికీ చెప్పొద్దంది.

“నలభై ఒక్క రోజు పెట్టాలె బిడ్డా,” అంది అండాలమ్మ ఐదు వారాల కిందట, పొడి పొట్లం కడుతూ. “పొద్దుగాల చిటికెడు, చెంచడు మజ్జిగల. తినెటోనికి తెల్వొద్దు, ఇంట్లోళ్ళకు తెల్వొద్దు. నోటితోని అన్నవనుకో, మందు పారదు. పారకపోవుడే గాదు, మర్లవడ్తది, తిరగబడి కొడ్తది. అప్పుడు నన్ననొద్దు.”

సుమిత్రమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. మందు పేరు చెప్తే మందు చచ్చిపోతుందన్నది వాళ్ళ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళూ ఎరిగిన కట్టుబాటే. వాళ్ళమ్మ కామెర్లకు ఒక ఆకు నూరి ఇచ్చేది. ఆ ఆకు పేరు కన్నకూతురికి కూడా చెప్పకుండానే కాలం చేసింది. అమ్మ చెప్పలేదు, తానూ చెప్పదు, అంతే.

పొడి మొదలైన పది రోజులకు మట్టయ్య నోరు ఎండిపోవడం మొదలైంది. కంటి నల్లగుడ్లు పెద్దవై బత్తాయి గింజలు కాస్తా నేరేడు పండ్లయ్యాయి. దీపాలు పెట్టే వేళకు కూర్చున్నచోటే గాలిలో చేతులాడిస్తూ దేన్నో ఏరేవాడు, ఏరింది పక్కన పెట్టేవాడు. సుమిత్రమ్మ పరిగెత్తుకుపోయి అడిగితే అండాలమ్మ తల పంకించింది. “చేతులాడ్తున్నయా? ఇగ మందు పారినట్టే. లోపటున్నది బయటికొస్తున్నది. ఆపకు.”

సుమిత్రమ్మ ఆపలేదు. ఆ చేతులు ఆడినప్పుడల్లా తన గుండె కూడా ఆడేది. అయినా ఆపలేదు.

సూది రోజు సోమవారం. పొడికి అది ముప్పై ఎనిమిదో రోజు. ముందురాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తెల్లవారగానే సుమిత్రమ్మ వంటింట్లో చెంచా పట్టుకుని పావుగంట నిలబడింది. నీళ్ళన్నడు గానీ మజ్జిగన్నడా? చెంచడు మజ్జిగ లెక్కలోకొస్తదా? ఇన్ని రోజులు పెట్టి మూడు రోజుల ముందర తప్పిస్తే? చివరికి కళ్ళు మూసుకుని పెట్టేసింది. మట్టయ్య కళ్ళు తెరిచే తాగాడు, కానీ ఏమీ అడగలేదు.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. గజేందర్ స్కూటరు మీద ముగ్గురూ బయలుదేరారు. మట్టయ్యను మధ్యలో ఇరికించి సుమిత్రమ్మ వెనక కూర్చుంది. భర్త వీపుకు ఆనిన ఆమె చెంపకు ఆయన గుండె తగులుతోంది. ఆ దెబ్బలు బస్తాలు దించుతున్నట్టున్నాయి, ఒకదానిమీదొకటి, ఊపిరాడనివ్వకుండా.

కొత్తపేటలో రోడ్డుకడ్డంగా పొయ్యిలు వెలిగాయి. ఉద్యమకారుల వంటావార్పు. గుండిగలో కిచిడీ ఉడుకుతోంది. మెడలో గులాబీ కండువా ఉన్న ఒకాయన స్కూటరు ఆపి, విస్తరాకు మట్టయ్య చేతిలో పెట్టబోయాడు.

“తిని పోవాలె కాకా. రోడ్డు మీద వంట, రాష్ట్రం మనెంట.”

“వద్దన్నా, పేషెంటు. సూదున్నది,” అన్నాడు గజేందర్.

“ఒక్క ముద్ద తింటే ఏమైతదే?”

“వద్దంటే వద్దు!” సుమిత్రమ్మ అరిచిన అరుపుకు గరిటె తిప్పేవాళ్ళు కూడా ఆగారు. ఒక్క ముద్దతో ఏమైతదో ఆమెకు తెలియదు. ఒక్క చెంచాతో ఏమైతదో కూడా తెలియదు.

డాక్టరు రమ్మన్న నర్సింగ్‌హోమ్ రెండో అంతస్తులో ఒక చిన్న గది. మంచం, పంపు బిగించిన సిరంజి, గుండె కొట్టుకోవడాన్ని అంకెల్లో చూపించే యంత్రం. కరెంటు లేదు. కిందనెక్కడో జనరేటరు దగ్గుతోంది, దాని మీద యంత్రాలు ఆడుతున్నాయి గానీ ఫ్యాను ఆడట్లేదు. మత్తు డాక్టరు నాగేశ్వరి మట్టయ్య చేతికి సూది గుచ్చి, తీగలు తగిలించి, అంకె చూసి కనుబొమలు ముడిచింది.

“నూట ఇరవై ఎనిమిది సార్.”

“టెన్షనేమో. పది నిమిషాలు చూద్దాం,” అన్నాడు మల్లికార్జునరావు. “ఏమీ తినలేదు కదా?”

“పచ్చి మంచినీళ్ళు ముట్టలే సారూ,” అని గజేందర్ నిజాయితీగా అబద్ధమాడాడు.

సుమిత్రమ్మ స్టూలు మీద కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎండిన తాటాకులా పొడిగా, వేడిగా ఉంది. మణికట్టు దగ్గర నాడి తన వేళ్ళను తోసుకుంటూ పరిగెడుతోంది. యంత్రం కూత పెడుతోంది. ప్రతి కూతా ‘చెప్తవా చెప్పవా, చెప్తవా చెప్పవా’ అన్నట్టే వినిపిస్తోంది.

చెప్తే మందు మర్లవడ్తది. చెప్పకుంటే ఈ సూదీ ఆ పొడీ లోపల కలుసుకుంటయి. కలుసుకుని ఏం జేస్తయి? కొట్లాడితే పరవాలేదా, దోస్తీ జేస్తే పరవాలేదా? నోటితో అనొద్దంది గానీ రాసి చూపిస్తే చెప్పినట్టా? రాద్దామంటే సంతకం తప్ప అక్షరం రాదు. ఆ సంతకం ఆల్రెడీ వాళ్ళ కాగితం మీద పెట్టేసింది.

పది నిమిషాలైంది. అంకె నూట ముప్పై.

“కళ్ళు కూడా చూడండి సార్,” అంది నాగేశ్వరి, టార్చి వేసి. “ఇంత వెలుగేసినా నల్లగుడ్డు చిన్నదవట్లేదు.”

“వాడిన మాత్రల వల్ల కావచ్చు. అమ్మా, మళ్ళీ అడుగుతున్నా. ఇంకేమైనా ఇస్తున్నారా?”

సుమిత్రమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. తల అడ్డంగా ఊపింది.

“సరే. చాలా నిదానంగా మొదలుపెడదాం. అంకె పెరిగితే వెంటనే ఆపేద్దాం.” డాక్టరు మట్టయ్య మీదికి వంగాడు. “మట్టయ్యగారూ, కాసేపట్లో గోడలు కదిలినట్టుంటుంది. లేనివి కనపడతాయి. అది మందు వల్లే. భయపడకండి.”

నాగేశ్వరి వేలు పంపు మీటను తాకబోయింది.

“సారూ,” అన్నాడు మట్టయ్య.

ఏడు నెలలుగా దించిన షట్టరు కిర్రుమంటూ జానెడు లేచినట్టుంది ఆ గొంతు. గజేందర్ ఉలిక్కిపడి గోడకు గుద్దుకున్నాడు.

“సూదెక్కినంక గోడలు కదుల్తయన్నరు గద?”

“అవునండీ.”

“మరి ఎక్కకముందుకే కదుల్తున్నయేంది?”

నాగేశ్వరి వేలు మీట దగ్గరే ఆగింది.

“గోడ మీద బత్తాయిలు దొర్లుతున్నయి సారూ. కిందికి గాదు, మీదికి. ఒక్కటి గూడ పడ్తలేదు. ఏ లారీకెల్లి దిగుతున్నయో ఏమో, నెల రోజుల సంది దిగుతనే ఉన్నయి. కొన్నిటికి కండ్లున్నయి.”

“ఎవరికైనా చెప్పారా?”

“చెప్తే పిచ్చోడంటరు. దిగులుతోని పండుకున్నోనికి బువ్వ పెడ్తరు సారూ. పిచ్చోన్ని గొలుసులతోని కడ్తరు. అందుకే పొద్దుగూకంగనే ఏరుతున్న. కనబడ్డయి కనబడ్డట్టే ఏరి పక్కకు వెడ్తున్న, ఇంట్లోళ్ళు చూడకముందుకే.”

సుమిత్రమ్మకు అప్పుడు తెలిసింది. ఆ చేతులాడుడు మందు పారుడు కాదు. ఈ మనిషి నెల రోజులుగా తన పిచ్చిని తానే ఏరి దాచుకుంటున్నాడు, తనకు కనపడకుండా. తను చెంచా దాచుకుంటున్నది, ఆయనకు తెలియకుండా. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి భయాన్ని ఒకరు కాపలా కాశారు.

డాక్టరు మీట నొక్కొద్దని చెప్పి, నాగేశ్వరిని కిటికీ దగ్గరికి పిలిచాడు. గుసగుసగానే మాట్లాడాడు గానీ గది గుసగుసకు సరిపడేంత పెద్దది కాదు. “ఇది దిగులొక్కటే కాదు. లేనివి కనపడేవాళ్ళకి ఈ మందు ఇవ్వకూడదు, ఇంకా పెంచుతుంది. పెద్దాసుపత్రికి రాసేద్దాం. ఈ వయసులో ఇలా మొదలైందంటే…”

ఆయన పూర్తి చెయ్యలేదు. మట్టయ్య పూర్తి చేశాడు.

“ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికే గద సారూ. నాకెరుకే.” లేచి కూర్చుని, రెండు మణికట్లూ ఒక్కచోట చేర్చి గజేందర్ ముందుకు చాపాడు. “కట్టు బామ్మర్దీ. మీ అక్కను బయటికి పొమ్మను. ఆమె చూడొద్దు.”

“నేను వెట్టిన,” అంది సుమిత్రమ్మ.

“ఏం పెట్టారమ్మా?”

“మందు. ముప్పై ఎనిమిది రోజుల సంది. ఈయనకు తెల్వకుంట నేనే వెడ్తున్న. బత్తాయిలు ఈయనయి గావు సారూ. నాయి.”

అనేసి కళ్ళు మూసుకుంది. మర్లవడడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. మట్టయ్య కూలిపోతాడనుకుంది. తన నాలుక పడిపోతుందనుకుంది. ఏదో ఒకటి అవుతుందని పళ్ళు బిగబట్టి ఎదురుచూసింది. కరెంటొచ్చింది. నెత్తిమీద ఫ్యాను తిరగడం మొదలెట్టింది. అంతకుమించి ఏమీ కాలేదు.

కొంగు ముడి వేళ్ళకు లొంగకపోతే పళ్ళతో విప్పింది. డాక్టరు పొట్లం తెల్లకాగితం మీద ఒంపి, పెన్ను కొనతో కెలికాడు. పొడిలో నలగని గింజలు కొన్ని బయటపడ్డాయి, చదునుగా, చెవి ఆకారంలో.

“మిర్పగింజల లెక్క ఉన్నయి గదా,” అన్నాడు గజేందర్.

“ఉంటాయి. కల్లంలో మిరపగింజలకీ వీటికీ తేడా మా అమ్మ నా చెవి మెలిపెట్టి నేర్పింది.” డాక్టరు ముఖం పాలిపోయింది. “ఉమ్మెత్త. రోజుకెంత పెడుతున్నారు?”

“చిటికెడు సారూ.”

“ఎవరి చిటికెడు? మీదా, నాదా, గజేందర్‌దా?”

సుమిత్రమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది. ఆ వేళ్ళ మధ్య ఒక మనిషి ప్రాణమెంత పడుతుందో అప్పుడే మొదటిసారి చూసినట్టు, వాటివంకే చూస్తూ ఉండిపోయింది.

“ఈ రోజు?”

“వెట్టిన. చెంచడు మజ్జిగల.”

నాగేశ్వరి కుర్చీ కోసం చూడకుండానే కూర్చుంది. అదృష్టం, వెనక కుర్చీ ఉంది. “ఉమ్మెత్తతో గుండె ఇప్పటికే పరిగెడుతోంది. మా మందు కూడా గుండెని పరిగెత్తించేదేనమ్మా. రెండూ కలిసుంటే…” అని, ఆమె కూడా పూర్తి చెయ్యలేదు. ఈసారి పూర్తి చెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు.

డాక్టరు కోపంతో గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, సుమిత్రమ్మ ముందు ఆగాడు. “మీ ఆయనకి పిచ్చి లేదమ్మా. దిగులుంది. ఆ దిగులు మీద మీరు రోజుకో చిటికెడు పిచ్చి చల్లారు.”

“అంటే నేను పిచ్చోన్ని గాదా సారూ?” అన్నాడు మట్టయ్య.

“కాదండీ. పొడి మానేస్తే బత్తాయిలు పోతాయి.”

మట్టయ్య సంతోషిస్తాడని గజేందర్ చూశాడు. తిడతాడని సుమిత్రమ్మ చూసింది. ఆయన రెండూ చెయ్యలేదు. పైపైన నిగనిగలాడే రాశిలోంచి ఒక కాయ తీసి నొక్కి చూస్తాడే, అలా భార్యను చూశాడు. చూసి, ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకున్నాడు.

మూడు రోజులు అక్కడే ఉంచారు. సెలైను ఎక్కించారు, గుండె గీతలు తీశారు, మూత్రం ఆగిపోతే గొట్టం వేశారు. ఉమ్మెత్త చేసే పనుల్లో అదీ ఒకటని నాగేశ్వరి చెప్పింది. మొదటి సాయంత్రం బత్తాయిలు వచ్చాయి. రెండో సాయంత్రం నాలుగే వచ్చాయి, వాటికి కళ్ళు లేవు. మూడో సాయంత్రం గోడ గోడలాగే ఉంది. దిగులు మాత్రం ఎప్పటి చోటనే ఉంది. దానికి సమ్మె విరమించే ఉద్దేశం కనపడలేదు.

ఆ మూడు రోజులూ మట్టయ్య సుమిత్రమ్మ తెచ్చింది ముట్టలేదు. సీలున్న బ్రెడ్డు ప్యాకెట్టు గజేందర్ తెస్తే తన చేత్తోనే చింపుకుని తిన్నాడు. మంచినీళ్ళ సీసా మూత తిప్పి, చిటుక్కుమన్నాకే తాగాడు.

సుమిత్రమ్మ వరండాలో డాక్టరును ఆపింది. “సారూ, మీ మందుతోని గూడ లేనియి కనబడ్తయంటిరి. అండాలమ్మ మందుతోని గూడ కనబడ్డయి. మరి ఫరకేంది?”

డాక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “నేను తూచి ఇస్తానమ్మా. పక్కన యంత్రం పెట్టుకుంటాను. ముందు ఆయనకి చెప్పి ఇస్తాను. అయినా ఇచ్చేటప్పుడు నాకు భయమే. సోమవారం ఆ మీట నొక్కించి ఉంటే అన్న సంగతి మూడు రోజులుగా నన్ను వదల్లేదు.”

“నాకు గూడ ఉండె సారూ భయం. నోరు మూసుకున్న.”

“వచ్చే సోమవారం ఆయన ఒంట్లోంచి ఇదంతా పోతే అసలు మందు మొదలుపెడదాం. పక్కన ఎవరు కూర్చోవాలని అడిగితే ‘చూద్దాం’ అన్నారు. మీ పేరు చెప్పలేదు.” డాక్టరు అన్నాడు, “ఆ మందులో మునిగిన మనిషి పక్కవాళ్ళని నమ్మకపోతే మందు పని చెయ్యడం అటుంచి, భయంతో చచ్చిపోతున్నాననుకుంటాడు. ఊరికే తీసుకొచ్చి కూర్చోబెట్టలేను.”

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చారు. సుమిత్రమ్మ కంచం పెట్టింది. మట్టయ్య పీట మీద కూర్చుని కంచాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

“ఏమున్నది ఇండ్ల?”

“అన్నం. పప్పు.”

“పప్పుల?”

“కందిపప్పు. టమాటలు నాలుగు. పచ్చిమిర్పకాయలు మూడు. ఉప్పు, పసుపు, చింతపండు. పోపుల జీలకర్ర, ఆవాలు, ఎల్లిపాయ, కరివేపాకు.” ఏదైనా మరిచిపోతే అదే దాచినట్టవుతుందని పేరుపేరునా వెతుక్కుంటోంది. “నూనె. నీళ్ళు. నల్లా నీళ్ళే.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“మొన్న డాక్టరు అడిగినప్పుడు గూడ గిట్లనే తలాడిస్తివి. ఏం లెవ్వని.”

సుమిత్రమ్మ కంచం తనవైపు లాక్కుని, కలిపి, ఒక ముద్ద తిన్నది. మట్టయ్య ఆమె కళ్ళలోకి వంగి చూశాడు, నల్లగుడ్లు పెద్దవవుతున్నాయేమోనని. ఆమె రెప్ప వాల్చకుండా చూపించింది. ఇంకో ముద్ద తిన్నది. మూడోది మింగుడు పడక నీళ్ళు తాగింది. పప్పులో ఏమీ లేదని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆయన చూపు కింద తింటుంటే తన వంట తనకే అనుమానమేసింది. ముప్పై ఎనిమిది పొద్దులూ ఆయన ఈ చేతినే నమ్మి తాగాడు, ఏమున్నదని ఒక్కసారి కూడా అడగలేదు.

గోడ గడియారంలో పావుగంట గడిచింది. కరెంటు పోయింది.

మట్టయ్య చెయ్యి చాపి ఒక ముద్ద కలిపాడు. నోటిదాకా తెచ్చి ఆగాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమలలేదు. బుగ్గన పెట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. సుమిత్రమ్మ ఆయన గొంతుముడిని చూస్తోంది. అది కదలాలి. అది కదిలితే సోమవారం ఉంది, స్టూలుంది, పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉంది. కదలకపోతే ఏముందో ఆమె ఆలోచించలేకపోయింది.

ముడి పైకి లేచింది, దిగింది.

సుమిత్రమ్మ ఊపిరి వదిలింది. వదిలిన మరుక్షణం, రెండో ముద్ద కోసం భయపడడం మొదలుపెట్టింది.